ఖాళీ గడి

“తలుపు దగ్గరే నిలబడిపోయారేం బాబాయ్? లోపలికి రండి,” అంది పుస్తకాల కొట్టు నడిపే అక్క.

పెద్దాయన మొహమాటంగా లోపలికొచ్చాడు. ఏం కావాలని అడిగితే బొమ్మల కథలన్నాడు. పిల్లలకా అంటే, కాదు, నాకే అన్నాడు.

ఆ మాట చెవినపడగానే వెనక బల్ల దగ్గరున్న ఇద్దరు లేచారు.

ఒకరు పళ్ల డాక్టరు. గాల్లో ఎగిరే వీరులంటే ప్రాణం. అందుకే కొట్లో అందరూ ఆయన్ని రెక్కల డాక్టరంటారు.

రెండో ఆవిడ లెక్కల మేడం. ఎవరో ఇంట్లో కూర్చుని గీసి, సొంతంగా అచ్చేసుకున్న చిన్న పుస్తకాలే ఆవిడకి లోకం.

ఆదివారమైతే చాలు, ఇద్దరూ ఇక్కడ చేరి నీది గొప్పా నాది గొప్పా అని వాదించుకుంటారు. కొత్త పాఠకుడు దొరికాడంటే చెరో చెయ్యీ పట్టుకుని లాగుతారు.

ముందు డాక్టరు లాగాడు. కొండను మోసేవాడు, కాలాన్ని ఆపేవాడు, పిడుగును మింగే పిల్ల, అందరినీ ఆయన ముందు గుట్టపోశాడు. పెద్దాయన ఒక్కొక్కటీ తిరగేసి, పిడుగును మింగినప్పుడు ఆ పిల్ల జుట్టు ఎంత బాగా లేచిందో అని ముచ్చటపడ్డాడు.

మేడం తన వంతు కోసం కాచుకుంది. అద్దాల బీరువా తీసి, చేతులు తుడుచుకుని, పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు ఒక పల్చటి పుస్తకం తెచ్చింది.

పేరు ‘తలుపు తీసేవాడు’. గీసినవాళ్ల పేరు ఎక్కడా లేదు. ఇంకో ప్రతి ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు.

“మీవాడికి ఉన్న శక్తేమిటో చెప్పండి మరి,” అని డాక్టరు ఎప్పటిలాగే ఎత్తిపొడిచాడు.

మేడం పెద్దాయన వైపు తిరిగింది. “తలుపు కొట్టడానికి భయపడి బయట నిలబడ్డవాళ్ల సంగతి ఇతనికి తెలిసిపోతుందండీ. వెళ్లి తలుపు తీస్తాడు. అంతే. కానీ ఇది చదివిన రోజు నాకు బస్సెక్కాలనిపించలేదు. ఇంటిదాకా నడిచే వెళ్లాను.”

పెద్దాయన ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

ఆవిడ చివరి పేజీ తీసింది. ఊరందరికీ తలుపులు తీసినవాడు వానలో కోటంతా తడిసి తన ఇంటికొస్తాడు. తన తలుపు తను కొట్టలేక నిలబడిపోతాడు. ఆ కింద బొమ్మ ఉండాల్సిన ఆఖరి గడి ఖాళీ.

ఆ ఖాళీ మీదే ఇద్దరికీ ఏళ్ల తగువు. అందులోనే అర్థమంతా ఉందని మేడం. సిరా అయిపోయి ఉంటుందని డాక్టరు.

“తలుపు ఎవరు తీస్తారంటారు?” అని పెద్దాయన మెల్లగా అడిగాడు.

ఎవరూ తీయరు, అదే దాని గొప్పతనమంది మేడం. లోపల శత్రువు మాటేసి ఉంటాడు, రెండో భాగం వస్తే చూడమన్నాడు డాక్టరు.

అక్క పుస్తకాలకు దారం చుడుతూ తలెత్తకుండానే అంది. “ఎవరో ఒకరు తీస్తారు లెండి. అందరికీ తలుపు తీసినవాడి కోసం ఇంట్లో ఒక్కరైనా ఎదురుచూస్తూ ఉండరా?”

పెద్దాయన పుస్తకాన్ని తన ముందుకు జరుపుకున్నాడు. మిగతా ఇద్దరూ పాత తగువులో పడి అరల వైపు వెళ్లారు.

తిరిగి చూసేసరికి ఆయన పెన్సిల్ ఆఖరి గడిలో చకచకా కదులుతోంది.

డాక్టరు ఒక్క అంగలో వచ్చి పుస్తకం లాక్కున్నాడు.

“ఇది మీ సొంత పుస్తకమనుకున్నారా?”

“అలాగే అనుకున్నాను బాబూ. తప్పే,” అన్నాడు పెద్దాయన. పెన్సిల్ జేబులో పెట్టుకుని, చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.

ఆయన ఏం గీశాడో చూసే ఓపిక కూడా డాక్టరుకి లేదు. పిచ్చిగీతలన్నాడు. పిండిముద్దలా మెత్తగా ఉండే రబ్బరు తెప్పించి, పంటి మీద గార తీసినంత నేర్పుగా అద్ది అద్ది తీశాడు. గడి మళ్లీ తెల్లబడ్డాక గానీ మేడానికి ఊపిరాడలేదు.

మరుసటి ఆదివారం ఒకావిడ వచ్చింది.

కిందటి వారం మా నాన్న ఇక్కడికి వచ్చారంది. ఆ రోజు ఇంటికొచ్చి, చాలాకాలానికి కడుపునిండా తిన్నారట. వారం మధ్యలో నిద్రలోనే పోయారట. ఇక్కడ ఒక పుస్తకంలో ఏదో గీశానని చెప్పారు, ఒకసారి చూడొచ్చా అని అడిగింది.

క్షమాపణ చెప్పడానికి వచ్చిందనుకున్నాడు డాక్టరు. “మీరేం బాధపడకండమ్మా. మచ్చ కూడా లేకుండా తీసేశాం,” అంటూ చివరి పేజీ తెరిచి చూపించాడు.

ఆవిడ ఆ తెల్లటి గడిని చూసింది. పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుగు ఏటవాలుగా పడేలా వంచింది.

పెన్సిల్ నలుపు పోయింది. నొక్కులు పోలేదు.

ఆ వెలుగులో ఒక్కో గీతా కాగితంలోంచి పైకి లేచింది. తెరిచిన తలుపు. గడపలో ఒక స్త్రీ. జుట్టు ముడేసుకుని, ఇంతసేపా అని కోప్పడబోయి నవ్వేస్తున్నట్టు. తడిసిన కోటు అందుకోవడానికి చాచిన చెయ్యి.

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. అక్క చేతిలోంచి దారం జారిపోయింది. అంత ప్రాణమున్న గీత ఆ కొట్లో ఇంకే పుస్తకంలోనూ లేదు.

“ఎవరీవిడ?” అంది మేడం, గట్టిగా అడిగితే బొమ్మ చెదిరిపోతుందేమో అన్నట్టు.

“మా అమ్మ,” అందావిడ. “అమ్మ పోయాక, ఈ ఒక్క గడి గీయడానికి నాన్నకి ఇన్నేళ్లూ చేతులు రాలేదు.”