నాలుగు లైన్ల మార్పు

"రెండో లైనులో ఈ ఖాళీ ఎందుకమ్మా?" స్క్రీన్ మీద వేలు పెట్టి అడిగాడు భూతద్దం.

ఆఫీసులో అందరూ ఆయనకి చాటుగా పెట్టుకున్న పేరది. కోడిగుడ్డుకి ఈకలు పీకే మనిషి. ఎవరు ఏ ప్రోగ్రాము మార్చినా, ఆయన సరేననందే అది యంత్రంలోకి ఎక్కదు.

ఇవాళ్టిది కార్డు రీడరు డ్రైవరు. డ్రైవరంటే బండి నడిపేవాడు కాదు, పరికరం మాట కంప్యూటరుకి చేరవేసే ప్రోగ్రాము. కరెంటు పోయి వస్తే చాలు, ఈ రీడరు మొద్దునిద్ర పోతోంది. కార్డు ఎంత రుద్దినా ఉలకదు, పలకదు. దాన్ని తట్టి లేపడానికి కొత్తమ్మాయి నాలుగు లైన్లు రాసి పంపింది.

"పరీక్షించాను సార్, పనిచేస్తోంది. ఒప్పేసుకోండి, ప్లీజ్!" టేబుల్ మీది స్పీకరులోంచి బతిమాలింది.

"పనిచేస్తే సరిపోతుందా? చూడ్డానికి అందంగా ఉండొద్దూ? ఆ ఖాళీ తీసెయ్."

తీసేసింది.

"దీనికి 'లేపు' అని పేరేమిటి, మోటుగా? 'మేలుకొలుపు' అని పెట్టు."

పెట్టింది.

"వాక్యం చివర చుక్కేదీ?"

పక్కనే కూర్చున్న సహాయకుడు కుర్చీలో అటూ ఇటూ మెసిలాడు. "సార్... నేను అర్జెంటుగా బాత్రూముకి..."

"ముందు ఇది తేలనివ్వవయ్యా! చిన్నపిల్లాడివా?"

సహాయకుడు కాలు మీద కాలు బిగించాడు.

ఇంతలో భూతద్దం సెల్లు మోగింది. భార్య.

"ఇంకా ఎంతసేపండీ? పిల్లలు మీకోసం అన్నం తినకుండా కూర్చున్నారు."

"ఇది ఒప్పుకున్న మరుక్షణం బయల్దేరతా."

"అయితే ఒప్పేసుకోరాదూ?"

"నాణ్యత దగ్గర నేను రాజీపడనని నీకు తెలీదూ?"

గర్వంగా ఫోను పెట్టేసి, సీసాలో నీళ్ళన్నీ గటగటా తాగి, మొదటి లైను నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. రెండో లైనుకి కొంచెం ముందుకి వంగాడు. మూడో లైనుకి నుదుట చెమట పట్టింది. నాలుగోది చదవనే లేదు.

"ఇంకేమైనా మార్చాలా సార్?"

"వద్దొద్దు! బ్రహ్మాండంగా రాశావు తల్లీ! చుక్కలూ ఖాళీలూ ఎవడిక్కావాలి?" కాలు మీద కాలు బిగించి 'అంగీకారం' నొక్కాడు.

"ఎక్కించేస్తున్నా సార్!"

సహాయకుడు అప్పటికే లేచి నిలబడ్డాడు.

మధ్యాహ్నం కరెంటు పోయినప్పటి నుంచి బిగుసుకుపోయిన గది తలుపు, దాని కార్డు రీడరు మేలుకోగానే టక్కుమని తెరుచుకుంది.