ఈడ్పు కాలు

వెంకటగిరియప్ప ఎడమకాలి చెప్పు జారి పార్కు దారిలో పడిపోయింది.

పడిన సంగతి కాలికి తెలియలేదు. నాలుగడుగులు పోయాక ఒక కాలేజీ పిల్ల వెనక నుంచి పరుగెత్తుకొచ్చి చెప్పు చేతికిచ్చింది.

"అంకుల్, మీది."

ఆ పిల్ల నవ్వలేదు. అయినా ఆయనకు తల కొట్టేసినట్టయింది. దగ్గరున్న బెంచీ మీద కూలబడ్డాడు.

ఎదురు బెంచీ మీద కాటన్‌పేట బట్టలంగళ్ళ వాళ్ళు నలుగురు కూర్చుని చూస్తున్నారు. ముప్పై ఏండ్లుగా ఆయన్ను అంగడి గద్దె మీదే చూసినవాళ్ళు.

పక్షవాతం తగిలి రెండు నెలలైంది. ఎడమచెయ్యి, ఎడమకాలు చెప్పిన మాట వినవు. ఇంకో మూడు నెలల్లో నడిచి, చెయ్యి ఊపి దారికి తెచ్చుకోకపోతే ఇక ఇంతేనని డాక్టరు తేల్చేశాడు. ఇల్లు అంగడి మీదే. ఇంటి నిండా బట్టల తానులు. మనిషి పక్కకు తిరగడానికే సందు లేదు. నడవాలంటే పార్కే గతి.

తాను విదిలించి పరవాలంటే రెండు చేతులూ కావాలి. ఇప్పుడు ఆ పని తమ్ముడి కొడుకు మునీంద్ర చేస్తున్నాడు. గద్దె మీదా వాడే కూర్చుంటున్నాడు. పెదనాయనా, నువ్వు సుమ్మనే కూచోనుండు, నేను చూసుకుంటా అని వాడన్న రోజు ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

అయినా ఆ నలుగురి ముందు కాలీడ్చడానికి మనసొప్పలేదు. పార్కుకు రావడం, బెంచీ మీద కూర్చోవడం, లేచి పోవడం. అట్లా పన్నెండు రోజులు పోయాయి.

పదమూడో రోజు ఒక ముసలాయన వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. ముతక పంచె, వెలిసిన చొక్కా. బట్ట చూసి మనిషికి వెల కట్టడం వెంకటగిరియప్పకు అంగడి నేర్పిన విద్య. ఏ గోడౌను కాడో కాపలా మనిషి అనుకున్నాడు.

ఆ ముసలాయన నడక ఈయన కంటే అన్యాయంగా ఉంది. ఎడమకాలు బరబరా ఈడుస్తాడు. చెయ్యి చేటలాగా ఊపుతాడు. పైగా ఒకటీ, రెండూ అని పార్కంతా వినబడేట్టు లెక్క పెడతాడు.

పిల్లలు నవ్వారు. ఎదురు బెంచీ నవ్వింది. ముసలాయన లెక్క ఆపలేదు.

రెండు చుట్లు తిరిగి వెంకటగిరియప్ప ముందు నిలబడ్డాడు.

"నీకూ ఇదేనాప్పా?"

ఈయన తలూపాడు.

"అయితే లెయ్. ఒకడు కుంటితే నవ్వుతారు. ఇద్దరం కుంటితే ఇదేందో యోగా అనుకుంటారు."

వెంకటగిరియప్ప లేచాడు.

పేరు పిల్లప్ప అన్నాడు ముసలాయన. అంతకు మించి ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు.

రోజూ ముందు పిల్లప్ప, వెనక వెంకటగిరియప్ప. పిల్లప్ప గోడ మీద వేళ్ళు పాకిస్తే ఈయనా పాకించేవాడు. తువ్వాలు పట్టి గుంజితే ఈయనా గుంజేవాడు. పిల్లప్ప దినానికి రెండుసార్లైనా తడబడి పడబోయేవాడు. జనం కండ్లన్నీ అటే.

నాకంటే పనికిమాలినవాడు ఒకడున్నాడు అనుకునేవాడు వెంకటగిరియప్ప. ఆ ధైర్యంతోనే కాలు సాగింది.

నెలకు నడక కుదిరింది. రెండో నెలకు చెయ్యి భుజం దాకా లేచింది. మూడో నెల చివర ఒక తాను తీసి, ఒక్క విదిలింపుతో బల్లంతా పరిచాడు. మునీంద్ర గద్దె దిగాడు.

పిల్లప్ప కాలు మాత్రం మొదటి రోజు ఎట్లా ఉందో అట్లే ఉంది.

ఎదురు బెంచీ వాళ్ళు ఇప్పుడు వెంకటగిరియప్పను పిలిచి చోటిస్తున్నారు. ఒకరోజు వాళ్ళలో మునిరాజు, నీ జోడీ ఇంకా రాలేదేమప్పా అని ఎకసెక్కమాడాడు. అంతలోనే పిల్లప్ప కాలీడ్చుకుంటూ వచ్చి, రాప్పా, చెయ్యి ఇంకొంచెం లేయల్ల అన్నాడు.

వెంకటగిరియప్పకు ఒళ్ళు మండింది.

"నాది నయమైపోయిండాది. మూడు నెల్లయినా నీ కాలు రవ్వంత మారలా. మనసు పెట్టి చేసుంటే మారుండేది. నీ పక్కన నడిస్తే నన్ను కూడా రోగిష్టోడనే అనుకుంటారు. రేపట్నించి నీ దారి నువ్వు చూసుకో."

బెంచీ నవ్వింది. ఈసారి వెంకటగిరియప్ప కూడా నవ్వాడు.

పిల్లప్ప ఆయన ఎడమచేతిని పట్టుకుని మెల్లగా పైకెత్తాడు. చెవి దాకా వచ్చింది.

"సాలు," అన్నాడు.

కాలీడ్చుకుంటూ గేటు దాటి పోయాడు. మళ్ళీ రాలేదు.

ఐదు వారాల తర్వాత పక్క పేట నుంచి ఒక శవయాత్ర అంగడి ముందుకొచ్చింది. పూలపల్లకీ, ముందర తమటల మోత. వెనక రెండు నూర్ల మందికి తక్కువ లేరు, అంతా కండలు తిరిగిన మనుషులు. అంగళ్ళ వాళ్ళంతా మర్యాదకు లేచి నిలబడ్డారు. వెంకటగిరియప్ప కూడా గద్దె మీద నుంచి లేచి రెండు చేతులూ జోడించాడు.

పల్లకీలో ఉన్నది పిల్లప్ప.

గబగబా వీధిలోకి దిగాడు. పల్లకీ వెంట నడుస్తున్న ఒక మీసాలాయన్ని పట్టుకుని, పెద్దాయన ఆ కాలి జబ్బుతోనే పోయినాడా అని అడిగాడు.

మీసాలాయన వింతగా చూశాడు.

"కాలి జబ్బా? మాకందరికీ కుస్తీ నేర్పిన ఉస్తాదప్పా ఆయన, మొన్న గుండె ఆగేదాకా మా గరిడీలో దినామూ మున్నూరు బస్కీలు తీసిన కాలది."