గోరింక గూటి గుమ్మం

ఆ తుమ్మచెట్టు మీద ఇల్లు అల్లాలంటే గిజిగాడే అల్లాలి. ఎండాకాలం చల్లగా, వానాకాలం వెచ్చగా ఉండే ఇల్లు కావాలని గోరింక కబురు పెడితే పొంగిపోయాడు. గాలివాన పడమటి నుంచి వస్తుందని గూటిని తూర్పు కొమ్మకు కట్టాడు. లోపల తడిమట్టి మెత్తాడు. గుమ్మాన్ని పొడుగాటి గొట్టంలా కిందికి దించాడు.

గోరింక మురిసిపోయింది. అయినా గూటి వాస్తు చూడమని బల్లిని పిలిపించింది. ఎవరి మాటకు బల్లి టిక్కుమంటే వారిదే సత్యమని అక్కడి పిట్టల నమ్మకం.

"గుమ్మానికి ఈ నేలచూపులేమిటమ్మా? సంసారం జారిపోదూ! గొట్టం తీయించి, ఆకాశం వైపు పెట్టించు," అంది బల్లి.

"వాన పడితే ఇల్లు కుండవుతుందమ్మా," అన్నాడు గిజిగాడు.

"ఇల్లు నీదా, నాదా?" అంది గోరింక.

గిజిగాడు గుమ్మాన్ని ఆకాశం వైపు తెరిచాడు. తానల్లిన గొట్టాన్ని తన ముక్కుతోనే తెంపాడు. అది జారి కింది కొమ్మల్లో చిక్కుకుంది.

తొలివానకే గూడు నిండింది. గుడ్లు బురదలో మునిగిపోయాయి. గోరింక ఏడుపుకి పిట్టలన్నీ చేరాయి.

"ఈ గిజిగాడి పనితనమే నా పిల్లల్ని పొట్టన పెట్టుకుంది!" అని గోరింక శోకాలు తీసింది.

"నేను ముందే చెప్పాను కదమ్మా" అనబోయాడు గిజిగాడు. ఆ మాట నోట్లో ఉండగానే కింది నుంచి టిక్ టిక్‌మని వినపడింది. తెంపేసిన గొట్టంలో, ఒంటి మీద చుక్క తడి లేకుండా, బల్లి హాయిగా పడుకుని ఉంది.

"గోరింక మాటకు సత్యం పలికింది!" అంటూ పిట్టలన్నీ గిజిగాడి మీద పడ్డాయి.