ఎడమ చక్రంలో పసుపు వాసన

పాడేరు ఘాట్‌లోని కొండతల్లి మలుపులో అమ్మ లారీల ఎడమ చక్రాన్ని పట్టుకుంటుందని డ్రైవర్లందరి నమ్మకం. అందుకే అక్కడ ఆగి, ఆ చక్రం నడిబొడ్డున చెంబెడు పసుపు నీళ్లు పోయనిదే ఎవరూ ముందుకు కదలరు.

వరహాలరావు ఒక్క ట్రిప్పూ తప్పకుండా పోశాడు. అయినా ఆ రోజు చీకటి పడగానే, సరిగ్గా అక్కడే, అతని లారీ ముందు ఎడమ చక్రం కీచుమని అరిచి బిగుసుకుపోయింది.

"అమ్మకి నా మీద కోపమొచ్చీసింది బుధూ," అన్నాడు, పాడేరు నుంచి వచ్చిన మెకానిక్కుతో. "ఈ సెక్రం ఇడవకపోతే మరి బండి ముట్టను. కూలికి పోయి పిల్లల్ని సాక్కుంటాను."

"ముందు లైటు సరిగ్గా పట్టన్నా. అది పక్కకి పోతే అమ్మకీ కనబడదు, నాకూ కనబడదు," అని బుధు నవ్వాడు.

జాకీ మీద లేపి చక్రం విప్పాడు. చక్రాన్ని మోసే హబ్బు మూత తీసి రాయి మీద పెట్టి, హబ్బును ఊడదీసే పుల్లర్ బిగించి లాగాడు. ఇనుము లోపల ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు సన్నని చప్పుడు మొదలైంది. బుధు చెయ్యి ఆపాడు. చప్పుడు మాత్రం ఆగలేదు.

ఉన్నట్టుండి హబ్బు బేరింగుతో సహా ఊడి వచ్చింది. గుప్పున పసుపు వాసన కొట్టింది.

వరహాలరావు వెనక్కి జరిగి చేతులు జోడించాడు. "సూసావా? లోపలే ఉంది తల్లి!"

బుధు బేరింగును వెలుగులోకి తెచ్చాడు. గ్రీజు పచ్చగా, నీళ్లలా పలచబడిపోయింది. తుప్పు పట్టి లోపలంతా ఒకే ముద్దయింది. అతను రాయి మీది మూతను తిప్పి చూశాడు. దాని అంచు పగిలి ఉంది. వరహాలరావు భక్తిగా పోసిన నీళ్లన్నీ ఆ పగులులోంచి బేరింగులోకి దిగాయి.