మళ్ళీ మొలిచిన పన్ను

"ఈ పన్ను పోయినేడాదే పీకేశాం. మళ్ళీ ఎలా వచ్చింది?" అంది ఫ్యాక్టరీ ఆసుపత్రి పళ్ళ డాక్టరమ్మ, చిన్న అద్దం పిల్ల నోట్లోంచి తీస్తూ.

కుర్చీలో పన్నెండేళ్ళ పిల్ల. ఎడమ దవడ ఉబ్బిపోయి ఆ పక్క కన్ను సగం మూతపడింది. వెంట వచ్చిన మేనత్త తడుముకోకుండా జవాబిచ్చింది.

"మొలిచిందండీ. మా వంశంలోనే గట్టి పళ్ళు."

"ఇదేమైనా పాలపన్నా, మళ్ళీ మొలవడానికి? ఇదిగో, కార్డులో పళ్ళ బొమ్మ మీద గీత. పక్కన సంతకం నాదే."

మేనత్త కార్డులోకి తొంగిచూసింది. "గీత కుడివైపుంది కదండీ. దీనికి నొప్పి ఎడమవైపు. సరిపోతుందనుకున్నాం."

"నేను ఎదురుగా నిలబడి చూసినట్టు గీస్తారమ్మా ఆ బొమ్మ. అందులో కుడి అంటే పిల్లకి ఎడమ."

"ఎంత పని జరిగింది" అని మేనత్త తల పట్టుకుంది.

డాక్టరమ్మకు నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. గోడ మీద బోర్డుంది: పర్మనెంటు ఉద్యోగుల పిల్లలకు మాత్రమే. బయటి పిల్లల్ని ముట్టుకున్నట్టు తెలిస్తే తన ఉద్యోగానికే ఎసరు.

"కార్డెవరిది?"

"పక్కింటి పాపదండీ. వాళ్ళ నాన్నా, మా అన్నయ్యా ఒకే మిషను మీద చేస్తారు. ఆయన పగలు, మా అన్నయ్య రాత్రి. ఆయన పర్మనెంటు, మా అన్నయ్య కాంట్రాక్టు. అంతే తేడా."

"బయట చూపించలేకపోయారా?"

"అడిగొచ్చామండీ. మా వల్ల కాదు. వారం నుంచి ఇది నమిలి తిన్నది లేదు. నిద్రలో కూడా మూలుగుతోంది."

పిల్ల నోరు తెరిచే ఉంచింది, మూస్తే మళ్ళీ తెరవమంటారో లేదో అని.

డాక్టరమ్మ లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. ఇంజెక్షను ఇచ్చింది. అరగంటలో పుచ్చిన పన్ను పళ్ళెంలో పడింది. "గట్టిగా కరిచిపట్టుకో తల్లీ" అంటూ దూది పెట్టింది. పిల్ల కళ్ళు తుడుచుకుని తలూపింది. మేనత్త రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

ఇక కార్డు రాయాలి. ఇచ్చిన ప్రతి ఇంజెక్షనుకూ ఏదో ఒక పన్ను మీద గీత కనబడకపోతే పైవాళ్ళు ఊరుకోరు. పీకిన పన్ను మీద చూస్తే ఎప్పుడో గీత పడిపోయింది. మొత్తం బొమ్మ మీద అప్పటికే నాలుగు గీతలు. ఆ పక్కింటి పాప ఈ వయసుకే ఎంత అవస్థ పడిందో అని డాక్టరమ్మకు జాలేసింది. దాని పళ్ళలో ఇంకొకటి అబద్ధానికి పోవడం ఇష్టం లేకపోయినా, ఖాళీగా ఉన్న ఒక పైపన్ను మీద కలం ఆనించింది.

మేనత్త గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"దాని మీద వద్దండీ. ఆ పన్ను మా వీధి చివరింటి పిల్లకి అట్టేపెట్టాం, వచ్చే నెల తీసుకొస్తాను."