ముప్పై పాదాలు

బూట్ల గదిలో ఆవిడ కొత్త బూటునీ పాత బూటునీ అడుగులు ఆనించి పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది.

"ఏంటమ్మా, బేరం చేస్తున్నారా? ఊరికే వచ్చినవే. ఇచ్చెయ్యండి," అన్నాడు కోచ్.

ఆయన తొందర ఆయనది. ఎనభై మందిని వెంటేసుకుని అంతర్జాతీయ క్రీడలకు వచ్చిన దేశం పదమూడు రోజులుగా ఒక్క పతకం మొహం చూడలేదు. ఈతగాళ్లు మునిగారు. మల్లయోధులు మట్టి కరిచారు. మిగిలింది ఆడపిల్లల రిలే ఒక్కటే. నిన్నటి పోటీలో వీళ్లే అందరికన్నా ముందొచ్చారు. సాయంత్రం ఫైనల్.

కొత్త బూట్లు ఆ ఉదయమే దిగాయి. ఫైనల్లో అవే తొడుక్కోవాలని జట్టు కార్యదర్శి హుకుం.

కోచ్ పిల్లల్ని పేర్లతో పిలవడు. ఎవరు ఎన్నో భాగం పరిగెత్తితే అదే పేరు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇక బూట్లిచ్చే ఆవిడ పేరు ఆయనకెందుకు? పిల్లలు మాత్రం బూట్ల పెద్దమ్మ అనేవారు.

"సార్, ఒక్క మాట. మూడో అమ్మాయికొచ్చిన కొత్తవి వేలి మందం పొడుగున్నాయి."

"మూడూ, కాలికి పట్టాయా?"

"హాయిగా ఉన్నాయి సార్," అంది మూడు.

"తొడుక్కోవద్దనట్లేదు సార్. గుర్తు మాత్రం పాత బూట్లతో కొలవమనండి," అంది పెద్దమ్మ.

రిలేలో కర్ర హద్దు గీత దాటకముందే చేతులు మారాలి. దానికి ఆ గుర్తే ప్రాణం. నిలబడే చోటి నుంచి వెనక్కి, మడమకి బొటనవేలు ఆనిస్తూ పాదాలు లెక్కపెట్టి, నేల మీద టేపు ముక్క అంటిస్తారు. వెనక నుంచి వచ్చే పిల్ల ఆ టేపు తొక్కగానే ముందున్న పిల్ల మళ్లీ వెనక్కి చూడకుండా దూసుకుపోవాలి. మూడుకి ముప్పై పాదాలు. ఏడాది పాటు చెమటోడ్చి కుదిర్చిన లెక్క అది.

"ఏడాదిగా వీళ్లతో చస్తున్నది నేను. మీరు బూట్లివ్వండి, చాలు."

పిల్లలు కిసుక్కున నవ్వారు.

"అది కాదు సార్, నేను..."

"అమ్మా!"

ఆవిడ మొహం చిన్నబోయింది. చేతిలోని కొత్త బూటు అందించేసింది.

సాయంత్రం మైదానం గేటు దగ్గర్నుంచి కాపలావాడు ఫోన్ చేశాడు.

"సార్, మీ వాళ్లంట, ఓ పెద్దావిడ. పాస్ లేదు. సంచిలో పాత బూట్లున్నాయి. మూడో అమ్మాయికి ఇచ్చిరమ్మని కాళ్లావేళ్లా పడుతోంది."

కోచ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "లోపలికి రానివ్వద్దు," అని ఫోన్ పెట్టేశాడు. అక్కడితో ఆగలేదు, కార్యదర్శికి ఫిర్యాదు కూడా చేశాడు.

తుపాకీ పేలింది.

ఒకటి నుంచి రెండు చేతికి కర్ర అందేసరికి మనవాళ్లే ముందు. కోచ్ గొంతు చించుకుని అరిచాడు.

రెండు టేపు తొక్కింది. మూడు దూసుకుపోయింది.

రెండు చెయ్యి చాచింది. అందలేదు. ఇంకా చాచింది. "ఆగవే!" అని కేక పెట్టింది.

కర్ర మూడు చేతిలో పడేసరికి హద్దు గీత దాటిపోయింది. ఎంతో కాదు, మూరెడు.

బోర్డు మీద మన దేశం పక్కన 'అనర్హులు' అని వెలిగింది.

మూడు ఏడుస్తూ వచ్చింది. "ముప్పై పాదాలే సార్! రెండుసార్లు లెక్కపెట్టాను. మీ మీద ఒట్టు!"

కోచ్ ఆ పిల్ల బూట్లవంక చూశాడు. పాదానికి వేలి మందం తేడా. ముప్పై పాదాలకి మూరెడు.

అంతలో మైకులు చుట్టుముట్టాయి.

"ఎక్కడ దెబ్బతిన్నాం సార్?"

నిజం నోటిదాకా వచ్చింది. దాని వెనకే ఉద్యోగం గుర్తొచ్చింది.

"మూడో అమ్మాయి తొందరపడింది," అన్నాడు.

మూడు ఆయనవంక ఒక్కసారి చూసి తల దించుకుంది.

తెల్లారేసరికి దేశమంతా ఆ పిల్లని ఆడిపోసుకుంటోంది. మూడు గది తలుపు తీయలేదు, మంచినీళ్లు కూడా ముట్టలేదు. కోచ్ ఆ తలుపు దాకా రెండుసార్లు వెళ్లాడు, తట్టడానికి చెయ్యి రాలేదు. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ప్రాణం పోయేలా ఉంది. కాళ్లు బూట్ల గదివైపు లాక్కెళ్లాయి.

గదికి తాళం. పక్క గదిలో, పిల్లల కాళ్లకి మర్దనా చేసే ముసలాయన నూనె సీసాలు సర్దుకుంటున్నాడు.

"పెద్దమ్మ ఏది?"

"మీరు ఫిర్యాదు చేశారుగా సార్. పొద్దున్నే విమానం ఎక్కించేశారు. ఇక ఎప్పటికీ రానివ్వరట."

"తప్పు చేశాను. ఆవిడ చెప్పిందే నిజం," అంటూ కోచ్ గుమ్మంలోనే కూలబడ్డాడు.

ముసలాయన జాలిపడలేదు. "ఈ క్రీడలకి ఎనిమిదిసార్లు వచ్చింది సార్. జీతం లేదు. బూట్ల గది తప్ప ఇంకో పని ఇస్తామన్నా వద్దనేది."

"ఎందుకని?"

"ముప్పై రెండేళ్ల కింద కూడా మన రిలే ఇలాగే పోయింది. విన్నారా?"

"వినకేం? అప్పటి కోచ్ మా గురువుగారేగా. మూడో అమ్మాయి తొందరపడిందని ఎన్నిసార్లు చెప్పేవారో!"

"మైకుల ముందూ అదే చెప్పారు సార్. ఆ రోజు ఆ అమ్మాయి కాళ్లకి మర్దనా చేసింది నేనే. తొడుక్కున్నవి కొత్త బూట్లు. గురువుగారికీ తెలుసు."

ముసలాయన ఆఖరి సీసా సంచిలో పెట్టాడు.

"దేశమంతా తిట్టిపోసినా ఎదురుమాట అనని ఆ మూడో అమ్మాయే సార్, మీ బూట్ల పెద్దమ్మ."