పన్నెండు క్యాసెట్లు

గరాజ్‌లో మూడో అట్టపెట్టె అడుగున ఆ బిస్కెట్ డబ్బా దొరికింది. మూత తీసి చూసి రిషిత ఏడ్చినంత పని చేసింది. పన్నెండు క్యాసెట్లూ ఉన్నాయి. ప్రతిదాని అంచు మీదా చిన్న గుంటలకి సెల్లోటేప్ అంటించి ఉంది. మాబింటి ఆంటీ ఎంత భద్రంగా దాచుకుందో అనుకుంది.

"మామ్, దొరికాయి!"

"నేను చెప్పలేదూ? ఆవిడ వస్తువు ఒక్కటి పారెయ్యలేదే నేను," అంది తల్లి గిరిజ గొప్పగా.

అమెరికాలో, ఎడిసన్‌లోని ఆ ఇంట్లో మాబింటి తొమ్మిదేళ్లు ఆయాగా ఉంది. రిషితకి అన్నం తినిపించింది, జడలేసింది, స్కూలుకీ సంగీతం క్లాసుకీ వెంట వెళ్లింది. తనొకప్పుడు పాటలు పాడేదాన్నని ఒకే ఒక్కసారి చెప్పింది. గిరిజ నవ్వేసి, బెండకాయలు తరగమంది. పని మానేసి వెళ్లేటప్పుడు ఆ డబ్బా ఇక్కడే వదిలేసింది. మర్చిపోయిందనుకున్నారు.

నిజం కిందటి నెలే తెలిసింది. ఒక ప్రొఫెసర్ మాబింటిని వెతుక్కుంటూ వచ్చి చెప్పింది. పశ్చిమ ఆఫ్రికాలో మాబింటి పుట్టిన దేశంలో, రేడియోలో పాడిన మొట్టమొదటి ఆడమనిషి ఆవిడే. పాడినందుకు సొంత ఊరివాళ్లే రాళ్లు విసిరారు. అయినా పాడింది. ఆ గొంతు విని ధైర్యం తెచ్చుకుని ఒక తరం ఆడపిల్లలు పాటకి వచ్చారు. తర్వాత యుద్ధంలో రేడియో స్టేషన్ తగలబడింది. పాటలన్నీ బూడిదయ్యాయి. మిగిలినవి, పారిపోయేటప్పుడు ఆవిడ బట్టల్లో చుట్టి తెచ్చుకున్న ఈ పన్నెండు క్యాసెట్లే.

ఇప్పుడు మాబింటి చివరి రోజులు లెక్కపెట్టుకునే వాళ్లుండే ఆస్పత్రిలో ఉంది. కాన్సర్ వచ్చి గొంతు తీసేశారు. మాట లేదు. ఏం చెప్పాలన్నా పలక మీద రాస్తుంది.

"ఆంటీ, మీ సాంగ్స్ దొరికాయి. మీ వాయిస్ మీకు వినిపిస్తాను, ప్రామిస్," అంది రిషిత మంచం పక్కన కూర్చుని.

మాబింటి చాలాసేపు ఆ పిల్ల మొహం చూసింది. పలక మీద రాసింది: "వద్దు, బేబీ."

మొహమాటం అనుకుంది రిషిత.

మర్నాడు పొద్దున్నే ప్రొఫెసర్ పాత టేప్ రికార్డర్ తెచ్చి మంచం పక్కన పెట్టింది. గిరిజ తెలుగు సంఘం తరఫున శాలువా పట్టుకొచ్చింది. "మా ఇంటి మనిషండీ ఆవిడ," అని నర్సులందరికీ చెప్పుకుంటూ ఫొటోకి జుట్టు సర్దుకుంది.

రిషిత మాబింటి చెయ్యి పట్టుకుని బటన్ నొక్కింది.

ముందు గరగర. తర్వాత ఒక ఆడగొంతు ఏదో రెండు ముక్కలు అంది. ఆ వెంటనే, ఆరేళ్ల పిల్ల కీచుగొంతు: "సా... పా... సా..."

రిషిత తన చిన్నప్పటి గొంతు గుర్తుపట్టింది. క్యాసెట్ మార్చింది. మళ్లీ సా పా సా. ఇంకోటి. ఇంకోటి. పన్నెండూ అంతే. ప్రొఫెసర్ కుర్చీలో కూలబడింది.

"మామ్! వాట్ డిడ్ యూ డూ?"

"పాఠాలు రికార్డ్ చేసుకు రమ్మంది కదే మీ సంగీతం టీచర్!" గిరిజ తడబడింది. "ఇంట్లో ఇన్ని ఉండగా కొత్తవెందుకు అన్నాను. గుంటలకి సెల్లోటేప్ అంటిస్తే పాతదాని మీద కొత్తది ఎక్కుతుందని మాబింటికి చెప్పాను. ఆవిడేం కాదనలేదే!"

మాబింటి రిషిత తల నిమిరింది.

ఆ దేశపు మొదటి గాయని గొంతు ఇప్పుడు యూనివర్సిటీ లైబ్రరీలో భద్రంగా ఉంది: ఒక్కో పాఠానికి ముందు, తన పాట మీద తన వేలితోనే రికార్డ్ బటన్ నొక్కి, పన్నెండుసార్లు ఆవిడ అన్న ఆ రెండు ముక్కలు, "పాడు, బేబీ."